కృష్ణా మెట్టలో మనసు గోడు విన్నవాళ్లు

జగ్గయ్యపేటను నిలిపిన జమీందారుకు అన్నం సయించని రోజులు వచ్చాయని కృష్ణ ఒడ్డు ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు పద్దెనిమిదో శతాబ్దం చివర ఈ సీమను ఏలాడు. బేతవోలు దగ్గర తండ్రి జగ్గన్న పేరిట పేట కట్టించాడు. తల్లి అచ్చమ్మ పేరిట ఏటి ఆవల అచ్చంపేట వెలిసింది. దోపిళ్లు అణచడానికని చెంచులను విందుకు పిలిపించి, వందల మందిని నరికించాడట. ఆనాటి నుంచి కంచంలో మెతుకులు పురుగులై కదిలేవట, కంటికి కునుకు ఉండేది కాదట. పెద్దలు ప్రాయశ్చిత్తం చెప్పారు. చింతపల్లి కోట వదిలి అమరావతికి మకాం మార్చి, అమరేశ్వరుడి పాదాలు పట్టుకుని, ఊరూరా గుళ్లు కట్టించాడు. కుంపిణీ వాళ్ల జోక్యం గిట్టకే మకాం మార్చాడన్న వివరణ కూడా ఉంది. జనం మాత్రం మొదటి కథనే దాచుకున్నారు.

ఆ కథలోని బాధకు రెండు శతాబ్దాల తర్వాత అమెరికాలో ఒక పేరు కుదిరింది. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికులకు వైద్యం చేసిన జొనాథన్ షే 1990లలో దాన్ని నైతిక గాయం అన్నాడు. 2009లో బ్రెట్ లిట్జ్, ఆయన సహచరులు దాని లక్షణాలు, చికిత్సా మార్గం వివరిస్తూ రాశారు. తన చేత్తో చేసిన పని తాను నమ్మిన ధర్మానికే ఎదురైనప్పుడు మనిషి లోపల తెగిపోయేది ఏమిటన్నది అక్కడి ప్రశ్న. భయం పోగొట్టే చికిత్స ఈ అపరాధభావానికి చాలదు. క్షమ, పశ్చాత్తాపం, పరిహారం అనే మాటలెత్తకుండా ఇక్కడ పని నడవదు. ఆ మాటలేమో మతం ఇంట్లో పుట్టి పెరిగినవి. విశ్వాసాన్ని గుమ్మం బయట వదిలి కౌన్సెలింగ్ నేర్పలేమనే వాదనకు ఇలాంటి కేసులే బలం.

అయితే వెంకటాద్రినాయుడి కథలో నన్ను గుచ్చేది వేరే ఉంది. ప్రాయశ్చిత్తమంతా దేవుడికి జరిగింది, చెంచులకు జరగలేదు. చంపినవాడి నిద్ర గురించి కథ మిగిలింది, చచ్చినవాళ్ల పిల్లల నిద్ర గురించి మిగల్లేదు. నాయుడి గోడు విన్న పెద్దలను, మీరు చెప్పిన మందు సరైనదేనా అని అడిగినవాళ్లు ఎవరూ లేరు. కృష్ణా మెట్టలో మనసు బాధ విన్నవాళ్లు ఏ కాలంలోనూ కరువు కాలేదు. ఆ విన్నవాళ్లను అడిగేవాళ్లే కరువయ్యారు. ఈరోజు డాక్టరేటు స్థాయిలో ఆధ్యాత్మిక కౌన్సెలింగ్ శిక్షణ అని దేన్ని అంటున్నామో, దాని అవసరం ఇక్కడ తెలుస్తుంది.

అడిగేవాళ్లున్న కాలం ఒకటి లేకపోలేదు. జగ్గయ్యపేట పక్కనున్న ధనబోడు మీద 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించినప్పుడు బౌద్ధ మహాచైత్యం బయటపడింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో, అంటే క్రీ.శ. మూడో శతాబ్దంలో, నాగచంద్రుడి కొడుకు సిద్ధార్థుడనే శిల్పి ఇక్కడ ఆయక స్తంభాలు దానం చేశాడు. సకల ప్రాణుల హితం కోసం, సుఖం కోసం అని వాటిమీద చెక్కించాడు. అంతకు కొన్ని శతాబ్దాల ముందుదైన మాంధాత చక్రవర్తి శిల్పఫలకం ఇక్కడిదే, ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఆకాశం నుంచి నాణేలు కురిపించుకున్న ఆ చక్రవర్తి ఇంద్రుడి సింహాసనం సగం దక్కినా తృప్తి పడక, మొత్తం కావాలనుకుని నేలకు జారిపడ్డాడు. ఆశ గురించి జనానికి చెప్పదలచుకున్న మాటను భిక్షువులు రాతిలో పెట్టారు.

రాతికంటే నాకు వాళ్ల నియమావళి ముఖ్యం. వినయపిటకం ప్రకారం కొత్తగా చేరిన భిక్షువు కనీసం ఐదేళ్లు గురువు నీడలో ఉండాలి. ఇంకొకరికి ఉపాధ్యాయుడు కావాలంటే పదేళ్ల అనుభవం తప్పదు. పక్షానికొకసారి ఉపోసథం రోజున సంఘమంతా చేరి నియమాలు చదువుకుంటుంది, తప్పు చేసినవాడు ముందుగానే ఒప్పుకోవాలి. ఊరివాళ్ల దుఃఖానికి ధర్మం చెప్పే మనిషి, తన నడతకు సంఘం ముందు జవాబుదారీ. ధనబోడు విహారంలో ఇది అక్షరాలా ఎంత నడిచిందో రాళ్లు చెప్పవు గానీ, భిక్షుసంఘాలన్నిటికీ ఈ కట్టుబాటే ఆధారం. శిష్యరికం, పర్యవేక్షణ, క్రమం తప్పని సమీక్ష అనే మూడూ ఈ మెట్టన పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే తెలిసినవి.

బౌద్ధం తగ్గాక వినే పని గుళ్లు, దర్గాలు పంచుకున్నాయి. వేదాద్రి నరసింహస్వామి, ముక్త్యాల ముక్తేశ్వరుడు, తిరుమలగిరి వెంకన్న, కొండపల్లి షాబుఖారీ దర్గా అన్నీ ఒక పూట ప్రయాణంలోవే. కానీ ఈ ప్రాంతపు ఆడవాళ్ల మనసు తెలుసుకోవాలంటే పెనుగంచిప్రోలు వెళ్లాలి. మున్నేటి ఒడ్డున వెలసిన తిరుపతమ్మ పురాణ దేవత కాదు, ఊరి కోడలు. గోపినేనిపాలెంలో పుట్టి పెనుగంచిప్రోలు కాకాని వారింటికి కాపురానికి వచ్చింది. అత్త ఆరళ్లు పెట్టింది. జబ్బు చేస్తే పశువులకొట్టంలో పడేశారు. పాపమాంబ అనే ఆవిడ తప్ప దగ్గరికి వచ్చినవాళ్లు లేరు. మగడు గోపయ్యను అడవిలో పులి చంపితే, ఆమె యోగాగ్నిలో కలిసిపోయిందని కథ. ఇప్పుడు మాఘమాసం తిరునాళ్లకు లక్షల మంది వస్తారు.

అత్తింట్లో నలిగిన కోడలు తన బాధ చెప్పుకోవడానికి, అదే బాధ పడిన మనిషి దేవతై కూర్చున్న చోటికి వస్తుంది. చెప్పకుండానే సగం అర్థమైపోయే శ్రోత ఆ అమ్మవారు. పూనకంలో ఆ కోడలి నోట వచ్చే మాటకు అత్తమామలు కూడా చేతులు జోడిస్తారు. అదే మాట వంటింట్లో అంటే చెంపదెబ్బ. పూనకాన్ని హిస్టీరియా అని కొట్టిపారేసిన డాక్టర్లూ, సాక్షాత్తూ అమ్మవారని దండం పెట్టినవాళ్లూ ఇద్దరూ ఆ మాటలో ఏముందో వినలేదని నా ఫిర్యాదు. గుడిలో నిద్ర చేయడం, పొర్లుదండాలు, తలనీలాలు, తాయెత్తు, విబూది, సాంబ్రాణి పొగ, సోదెమ్మ చెప్పే సోది... వీటన్నిటి వెనకా ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఏమయిందమ్మా అని అడగడం ఉంది. గాలి సోకిందని పిల్లను కొట్టడమూ ఉంది. రెండూ ఒకే గుడి ఆవరణలో జరగొచ్చు.

ఇక 1859 నాటి సంగతి. నందిగామ ప్రాంతంలోని రాఘవాపురంలో పగోలు వెంకయ్య మాలపల్లి పెద్ద. విగ్రహాల మీద నమ్మకం పోయినవాడు, కొత్త నమ్మకం ఏదీ దొరకనివాడు. ఎవరివో, ఎక్కడున్నావో తెలియదు, నాకు కనిపించు అని ఏళ్ల తరబడి పేరు తెలియని దేవుణ్ణి వేడుకున్నాడు. బెజవాడలో కృష్ణ స్నానాల ఉత్సవానికి వెళ్లినప్పుడు, ఇలాంటి మాటలే చెప్పే దొర ఒకడున్నాడని ఎవరో దారి చూపించారు. ఆ దొర చర్చి మిషనరీ సొసైటీకి చెందిన టి.వై. డార్లింగ్. అంతకు పద్దెనిమిదేళ్ల ముందు, 1841లో, బందరులో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దిగారు. అగ్రవర్ణాల పిల్లల కోసం బడి పెట్టి, పై నుంచి కిందికి మతం దిగుతుందని చూశారు. అది దిగక ముందే కింది నుంచి వెంకయ్య తనే వెళ్లి తలుపు తట్టాడు. 1859లో డార్లింగ్ చేతిమీదుగా బాప్తిస్మం పుచ్చుకున్నాడు. కృష్ణా మండలంలో మాలపల్లెలు కుటుంబాలు కుటుంబాలుగా క్రైస్తవంలోకి నడవడానికి ఆయనతోనే తెర లేచింది. రాఘవాపురం మిషన్ కేంద్రమైంది.

మిషన్ చరిత్రలు దీన్ని మతమార్పిడి కథగా రాశాయి. నేను దీన్ని కౌన్సెలింగ్ చరిత్రలో పెడతాను. అంటరానివాడని గుడి బయట నిలబెట్టిన మనిషికి, నీ ప్రశ్న ప్రశ్నే అని కూర్చోబెట్టి జవాబు చెప్పినవాడు దొరకడం ఈ మెట్టన కొత్త సంగతి. వెంకటాద్రినాయుడి ప్రాయశ్చిత్తంలో చోటు దొరకని చెంచుల్లాంటి వాళ్లకు ఇక్కడ మొదటిసారి చోటు దొరికింది. ఆ తర్వాత పల్లెపల్లెకూ ఉపదేశి వచ్చాడు. పగలు పిల్లలకు అక్షరాలు, రాత్రి పాటలు, ప్రార్థన. నడుమ మొగుడూ పెళ్లాల తగాదా, సారా, చావు. 1912 డిసెంబరులో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. కృష్ణా జిల్లా కూడా తర్వాత ఆయన మండలంలో చేరింది. పల్లెల నుంచి వచ్చిన మనుషులనే తీర్చిదిద్ది మళ్లీ పల్లెలకు పంపడం ఆయన పద్ధతి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఈ ఊళ్లు కృష్ణా-గోదావరి అధ్యక్ష మండలం కిందికి వచ్చాయి. కతోలికుల వైపు ఫాదర్ల దగ్గర పాపసంకీర్తనం ఉండనే ఉంది. చెప్పినది బయటికి పొక్కదన్న హామీతో మాట్లాడగలిగిన చోటు పల్లెజనానికి అంతకు ముందు ఎక్కడుంది?

ఉపదేశి చదువు మాత్రం కొంచెమే. అతని పైన అయ్యగారు, అయ్యగారి పైన బిషప్ ఉన్నా, ఆ అజమాయిషీ లెక్కలకు, ఆరాధనలకు. నిన్న రాత్రి ఆ వితంతువుతో ఏం మాట్లాడావు, ఎందుకలా అన్నావు అని కూర్చోబెట్టి అడిగే ఏర్పాటు లేదు.

అలా అడిగే ఏర్పాటును కనిపెట్టినవాడు పిచ్చాసుపత్రి నుంచి బయటపడ్డ ఒక పాదిరి. అమెరికన్ ఆంటన్ బోయ్‌సెన్ 1920లో తీవ్రమైన మతిభ్రమకు లోనై ఆసుపత్రి పాలయ్యాడు. తన భ్రమల్లో మతానికి చోటున్నా, వైద్యులు దాని గురించి అడగలేదు. చూడవచ్చిన పాదిరులకు జబ్బు అర్థం కాలేదు. కోలుకున్నాక 1925లో వూస్టర్ స్టేట్ హాస్పిటల్లో దైవశాస్త్ర విద్యార్థులను రోగుల మధ్యకు తీసుకొచ్చి శిక్షణ మొదలుపెట్టాడు. పుస్తకాలలాగే మనుషులను కూడా చదవాలన్నది ఆయన పట్టుదల. ఈ బాటలో పెరిగిన శిక్షణలో విద్యార్థి రోగితో జరిగిన సంభాషణను గుర్తున్నంత మేర మాటకు మాట రాసుకొస్తాడు, గురువూ సాటివాళ్లూ దాన్ని వాక్యం వాక్యం విప్పుతారు. ఇక్కడ నువ్వు ప్రార్థన చేద్దామన్నావే, అది ఆమెకు కావలసిందా, నీకు భయమేసిందా? ఈ ఒక్క ప్రశ్న వేసే ఏర్పాటుతో పౌరోహిత్యం వేరు, కౌన్సెలింగ్ వేరు అయ్యాయి.

డాక్టరేటు దాకా ఆ దారి వెళ్లడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. 1965లో కాలిఫోర్నియాలో ఫుల్లర్ థియొలాజికల్ సెమినరీ సైకాలజీ విభాగం తెరిచింది. 1974లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ దాని డాక్టరేటుకు గుర్తింపు ఇచ్చింది. 1994లో వచ్చిన మానసిక వ్యాధుల వర్గీకరణ పుస్తకం నాలుగో కూర్పులో, మతపరమైన లేదా ఆధ్యాత్మికమైన సమస్య అనే శీర్షిక వ్యాధుల జాబితాకు బయట, శ్రద్ధ అవసరమైన స్థితిగా చేరింది. దానికోసం డేవిడ్ లూకాఫ్, ఫ్రాన్సిస్ లూ, రాబర్ట్ టర్నర్ పట్టుబట్టారు. కెన్నెత్ పార్గమెంట్ 1997లో రాసిన పుస్తకం మత విశ్వాసంతో కష్టాన్ని ఎదుర్కోవడంలో రెండు తీరులను విడదీసింది. దేవుడు నా పక్కన ఉన్నాడనుకునేది ఒకటి, దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు, వదిలేశాడు అనుకునేది ఇంకొకటి. రెండో తీరుతో నలిగే వృద్ధ రోగుల్లో మరణాలు ఎక్కువని ఆయన బృందం 2001లో చూపించింది. మన ఊళ్లలో రోజూ వినిపించే ఏ జన్మలో ఏ పాపం చేశానో అనే మాట ఏ తీరులోకి వస్తుందో చెప్పడం అంత తేలిక కాదు. ఒకరికి అది తనను తాను కాల్చుకునే నిప్పు, ఇంకొకరికి జరిగినదాన్ని తట్టుకోవడానికి దొరికిన అర్థం. అందుకే పార్గమెంట్ ప్రశ్నావళిని అనువదించేసి లెక్కలు కట్టే థీసిసులంటే నాకు గురి కుదరదు.

అమెరికాలో కౌన్సెలర్ విద్య డాక్టరేటుకు గుర్తింపునిచ్చే సంస్థ సీఏసీఆర్‌ఈపీ అభ్యర్థి నుంచి ఐదు ఆశిస్తుంది: కౌన్సెలింగ్, పర్యవేక్షణ, బోధన, పరిశోధన, నాయకత్వం. వీటిలో రెండోది గమనించండి. డాక్టరేటు చేసినవాడు తాను వినడమే కాదు, వినేవాళ్లను గమనించి దిద్దడం నేర్చుకోవాలి. ఆధ్యాత్మిక విలువల మీద పనిచేసే అక్కడి కౌన్సెలర్ల సంఘం 2009లో సవరించుకున్న 14 సామర్థ్యాల్లో, తన నమ్మకాల హద్దు తెలుసుకోవడం, అవసరమైతే మత పెద్దల దగ్గరికి పంపడం కూడా ఉన్నాయి.

మన దగ్గర డాక్టరేటు చరిత్ర అంత కురచేమీ కాదు. కలకత్తా విశ్వవిద్యాలయంలో గిరీంద్రశేఖర్ బోస్ అణచివేత భావన మీద రాసిన గ్రంథానికి 1921లోనే డాక్టరేటు వచ్చింది. ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడుపుతూనే ఆయన గీత మీద, పురాణాల మీద రాశాడు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడ కేంద్రంగా పుట్టింది. నందిగామకు ఒక పూట ప్రయాణంలో యూనివర్సిటీ. నాలుగేళ్లకే అది వాల్తేరు చేరింది. అక్కడే 1967లో కోనేరు రామకృష్ణారావు సైకాలజీ, పారాసైకాలజీ విభాగాన్ని నెలకొల్పారు. అమెరికాలో పారాసైకాలజిస్టు జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చిన మనిషి. యోగం, ధ్యానం, చైతన్యం ప్రయోగశాలకు రావాలన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా, ఉన్నత విద్యామండలి అధ్యక్షుడిగా, గీతం విశ్వవిద్యాలయం ఛాన్సలర్‌గా పనిచేశారు. 2008లో ఆనంద్ పరాంజపే, అజిత్ దలాల్‌తో కలిసి భారతీయ మనస్తత్వశాస్త్రం మీద తెచ్చిన పెద్ద సంకలనం ఈనాటికీ విద్యార్థులకు ఆధారం. 2011లో పద్మశ్రీ వచ్చింది, 2021లో కన్నుమూశారు.

ఆయన మీద గౌరవంతోనే ఒక మాట. ఆత్మ, చైతన్యం విశ్వవిద్యాలయానికి తగిన విషయాలేనని నిలబెట్టడానికి ఒక తరమంతా ఖర్చయింది. అతీంద్రియ శక్తి ఉందా లేదా అని కార్డులు పరిచి లెక్కలు కట్టినంత శ్రద్ధ, పెనుగంచిప్రోలులో పూనకం వచ్చిన కోడలు ఏమంటున్నదో వినడానికి పోలేదు. ఆ శాఖ తన కాలం అడిగిన ప్రశ్నకు జవాబు వెతికింది. ఊరి ప్రశ్న అది కాదు.

ఊరి ప్రశ్నకు దగ్గరగా వచ్చిన వైద్యులు వేరే చోట ఉన్నారు. మానసిక వైద్యుడూ పంజాబీ కవీ అయిన జస్వంత్ సింగ్ నేకీ 1973లో గురుశిష్య సంబంధం చికిత్సకు నమూనా కాగలదా అని రాశాడు. బెంగళూరు నిమ్‌హాన్స్‌కు చెందిన ఆర్. రఘురాం బృందం తమిళనాడులో ముత్తుస్వామి గుడికి వచ్చి ఉన్న 31 మంది మానసిక రోగులను గమనించి, 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితం ప్రచురించింది. వాళ్లు సుమారు ఐదారు వారాలు అక్కడున్నారు. ప్రత్యేకమైన తంతులేవీ లేవు, మందులూ లేవు. లక్షణాల తీవ్రత దాదాపు ఐదోవంతు తగ్గింది. భయపెట్టనిచోటు, తోడుగా ఒక బంధువు, చేయడానికి చిన్నచిన్న గుడి పనులు. మేలు వీటివల్లేనని వాళ్ల అంచనా.

అదే తమిళనాడులో అంతకు ముందు ఏడాది, 2001 ఆగస్టు 6న, ఎర్వాడి దర్గా దగ్గర ఒక ఆశ్రమంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టి ఉంచిన రోగులు తప్పించుకోలేకపోయారు, 28 మంది చనిపోయారు. ముత్తుస్వామి గుడి, ఎర్వాడి ఆశ్రమం రెండూ విశ్వాసం నీడలోవే. తేడా దేవుడిలో లేదు, చూసుకునేవాళ్లను ఎవరైనా చూశారా లేదా అన్నదానిలో ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను ఏ రూపంలోనూ వేయకూడదంది. గుజరాత్‌లో ఉనావా మీరాదాతార్ దర్గాలో దవా, దువా పక్కపక్కన పెట్టి, ముజావర్లే రోగిని డాక్టరు దగ్గరికి పంపే ఏర్పాటు నడిచింది. మన రెండు తెలుగు రాష్ట్రాల తిరునాళ్లలో అలాంటిది రావాలని అడిగినవాళ్లు తక్కువ.

దైవశాస్త్ర కళాశాలల వైపు చూస్తే డాక్టరేటు నిచ్చెన ఒకటి ఉంది. సేరంపూరు కళాశాలకు 1827లో డెన్మార్కు రాజు ఇచ్చిన సనదుతో పట్టాలిచ్చే హక్కు వచ్చింది. తెలుగు సెమినరీలు కొన్ని కలిసి 1964లో రాజమండ్రిలో ఏర్పరచి, తర్వాత హైదరాబాదుకు తరలించిన ఆంధ్ర క్రైస్తవ థియొలాజికల్ కాలేజీ దానికి అనుబంధం. 1989లో సేరంపూరు సెనేట్ తరఫున దక్షిణాసియా స్థాయి పరిశోధన సంస్థ సాత్రి పుట్టాక, ఈ గొడుగు కింద డాక్టరేటు చదువు ఒక పద్ధతికి వచ్చింది. ఇక వేలూరు క్రిస్టియన్ కౌన్సెలింగ్ సెంటర్లో బి.జె. ప్రశాంతం భారతీయ కేసులతోనే పుస్తకం రాసి, పాదిరులనూ టీచర్లనూ నర్సులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి నేర్పారు. విశ్వాసం, సైకాలజీ, పర్యవేక్షణ మూడూ దక్షిణాదిన ఒకచోట కలిసిన అరుదైన తావుల్లో అది ఒకటి. హిందూ, ముస్లిం అభ్యర్థికి ఇలాంటి నిచ్చెన వాళ్ల సంప్రదాయంలోంచి లేదు. యోగాలో పీహెచ్‌డీలు ఇచ్చే బెంగళూరు ఎస్-వ్యాస లాంటివి ఉన్నాయి గానీ, ఆసనం, శ్వాస వేరు. కొడుకు పురుగుమందు తాగి పోయిన తండ్రి ఎదుట కూర్చోవడం వేరు.

ఆడవాళ్ల మాట ఒకటి మధ్యలో వదిలేయలేను. 1950ల నుంచి దశాబ్దాల పాటు ఈ మెట్టలో చదువుకున్న ఇల్లాలికి కౌన్సెలర్ అంటే ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్. నూజివీడు మనిషి. ప్రమదావనం శీర్షికలో వంటకాల పక్కనే అత్తగారి గురించి, అనుమానపు మొగుడి గురించి జవాబులుండేవి. దేవుణ్ణి పిలవకుండా, తిట్టకుండా, ఏం చేయాలో చెప్పేది. పేరు రాయనక్కర్లేని ఉత్తరం కాబట్టి పాపసంకీర్తనం గోప్యత, పెనుగంచిప్రోలు ధైర్యం రెండూ అందులో ఉన్నాయి. ఈ శీర్షిక మీద ఎవరైనా కౌన్సెలింగ్ చరిత్ర దృష్టితో పరిశోధన చేస్తే ముందుగా చదవడానికి నేను సిద్ధం.

ఈ మెట్టన దేవుణ్ణి నమ్మనివాళ్లూ తక్కువేం కాదు. మునగాల పరగణా పక్కనే, కమ్యూనిస్టు కుటుంబాలు మూడు తరాలుగా ఉన్న ఊళ్లివి. 1940లో ముదునూరులో గోరా పెట్టిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడ వచ్చి, చేతబడి నమ్మకాల మీద పోరాడింది. మంత్రం లేకుండా తండ్రిని దహనం చేసిన కొడుక్కి కూడా ఆ రాత్రి దుఃఖం ఉంటుంది. విశ్వాసాన్ని కలుపుకున్న శిక్షణ ఆ కొడుక్కి పనికిరాకపోతే అది మతప్రచారమే.

ఇప్పటికి వద్దాం. 2022 ఏప్రిల్ 4 నుంచి నందిగామ, జగ్గయ్యపేట ఎన్టీఆర్ జిల్లా. పత్తి, మిర్చి, సుబాబుల్ ధరలతో పాటు మనసులూ లేచి పడే పొలాలు. ప్రతి ఇంట్లో మోనోక్రోటోఫాస్ పురుగుమందు డబ్బా ఉన్న రోజులు చూసిన ఊళ్లు. హైదరాబాదు రహదారి మీద ఉన్న జగ్గయ్యపేట వాళ్లకు మానసిక వైద్యమంటే చాలాకాలం అక్కడి ఎర్రగడ్డ ఆసుపత్రే. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో రుగ్మతను బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదు. 2022 అక్టోబరులో మానసిక సాయానికి టెలిమానస్ ఫోన్ నంబరు 14416 వచ్చింది. ఫోన్ ఎత్తిన మనిషికి మీరు మొక్కుకున్నారా, ఎక్కడ మొక్కుకున్నారు అని అడగడం ఎవరు నేర్పాలి?

కార్తీకం వచ్చిందంటే ఈ ఊళ్లలో నల్లబట్టలు, ఎర్రబట్టలు కనిపిస్తాయి. అయ్యప్ప మాల, భవానీ మాల. రోజూ తాగేవాడు నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు, నేల మీద పడుకుంటాడు, సాటి స్వాములు వేయి కళ్లతో కనిపెడతారు. ఇంటావిడ ఆ నలభై రోజులూ కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. మాల తీసిన సాయంత్రం మళ్లీ బ్రాందీ షాపు. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడా పైవాడి మీద భారం వేసి, సాటివాళ్ల కాపలాతోనే నడుస్తుంది. కానీ అక్కడ నలభై రెండో రోజుకూ సమావేశం ఉంటుంది. దీక్ష మనిషిని ఎలా ఆపుతుంది, ముడుపు తీరాక ఎందుకు వదిలేస్తుంది అనేది మంచి డాక్టరేటు అంశం. గురుస్వాముల్లో కొందరికి వినడం నేర్పితే ఏమవుతుందన్నది ఇంకా మంచిది.

మన పీహెచ్‌డీ దీనికి వీలివ్వదు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. కనీసం 12 క్రెడిట్ల కోర్సు వర్క్. ఆ పైన థీసిస్. ఇది పరిశోధనకు పట్టా. మనిషి ఎదుట కూర్చుని విన్న గంటలు, ఆ గంటలను పెద్దలు విప్పి చూసిన గంటలు ఇందులో లెక్కకు రావు. సైకాలజీలో డాక్టరేటున్నా క్లినికల్ సైకాలజిస్టు కారు, దానికి పునరావాస మండలి నమోదు వేరే కావాలి. కౌన్సెలర్లను 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి తెచ్చారు. 2025లో దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో సైకాలజీ కోర్సులు ఆపమని యూజీసీ చెప్పింది. ఉద్దేశం మంచిదే. నందిగామలో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు చదివే టీచరమ్మకు మాత్రం ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది.

నాగార్జున, కృష్ణా విశ్వవిద్యాలయాల్లో ఏదైనా ఇలాంటి డాక్టరేటు తలపెడితే, కొత్త పేపర్లు పెట్టడం కంటే ముందు చేయాల్సింది ఒకటుంది. అభ్యర్థి వారానికి రెండు రోజులు పెనుగంచిప్రోలు గుడి ఆవరణలోనో, నందిగామ ప్రభుత్వాసుపత్రిలోనో, రాఘవాపురం చర్చిలోనో కూర్చోవాలి. అక్కడ విన్నది రాసుకొచ్చి మానసిక వైద్యుడి ముందు, అనుభవమున్న కౌన్సెలర్ ముందు పెట్టాలి. ఆ గంటలు పూర్తికాకుండా థీసిస్ తీసుకోకూడదు. అది నిబంధనలోకి ఎక్కనంత కాలం ఈ మెట్ట నుంచి కౌన్సెలింగ్ నేర్చుకోవాలనుకున్నవాళ్లు వేలూరుకో బెంగళూరుకో టికెట్ కొనుక్కుంటూనే ఉంటారు.